కోత, కూర్పు

మాఘమాసంలో ఒకసారి మా వైపు రండి. చిలకలూరిపేట, పెదనందిపాడు, పర్చూరు చుట్టుపట్ల నల్లరేగడి చేలలో ఎటు చూసినా కల్లాలు, కల్లాల నిండా ఎర్రని మిరపకాయలు కనిపిస్తాయి. ఘాటుకు తట్టుకోవటానికి ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళు ఒక్కొక్క కాయనే చూసి, రంగు తెల్లబోయినవీ మచ్చ పడినవీ పక్కకు వేస్తూ ఉంటారు. అట్లాంటి కాయను తాలు కాయ అంటారు. మంచి కాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. మంచి కాయను టిక్కీలకు ఎత్తి గుంటూరు యార్డుకు పంపుతారు. తాలును కూడా పారవెయ్యరు. దానికి వేరే ధర ఉన్నది.

ఏరకుండా పంపితే ఏమవుతుంది? కొనేవాడు టిక్కీలో నుంచి గుప్పెడు కాయలు తీసి చూస్తాడు. అందులో నాలుగు తాలు కాయలు కనిపిస్తే సరుకు మొత్తానికీ ధర తగ్గిస్తాడు. మరి ఏరేవాళ్ళు తొందరపడి మంచి కాయను తాలులో పడేస్తే? అప్పుడూ రైతుకు నష్టమే. ఏరటం చిన్న పనిగా కనిపిస్తుంది గాని, రైతు ఏడాది కష్టం ఆ వేళ్ళ మధ్య ఉన్నది.

మాటలను, బొమ్మలను, ధ్వనులను కూడా ఇట్లాగే ఏరేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చేసే పనిని ఇంగ్లీషులో ఎడిటింగు అంటారు. పుస్తకానికీ, పత్రికకూ, సినిమాకూ, రేడియోకూ వాళ్ళు ఇంగ్లీషులో ఒక్క మాటే వాడతారు. మన తెలుగులో మాత్రం ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు ఉన్నది. పాత గ్రంథాన్ని సరిచేస్తే పరిష్కరణ. పత్రికను నడిపితే సంపాదకత్వం. సినిమాకైతే కూర్పు. పరిష్కరణ అంటే శుభ్రం చెయ్యటం, సంపాదన అంటే సమకూర్చుకోవటం, కూర్పు అంటే పూలు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి చేర్చటం. ఈ మూడూ కలిస్తేనే ఎడిటింగు పూర్తి అవుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

తాటాకులలో తాలు

అచ్చు యంత్రం రాకముందు మన పుస్తకాలు చాలావరకు తాటాకుల మీద ఉండేవి. గంటంతో ఆకు మీద గీసి రాసేవారు. తాటాకు కలకాలం నిలవదు. చెదలు తింటాయి, పెళుసెక్కి విరిగిపోతుంది. అందుచేత పాత ప్రతిని చూసి కొత్త ప్రతి రాసుకునేవారు. ఆ కొత్తది పాతబడితే దాన్ని చూసి ఇంకొకటి. ఇట్లా రాసేటప్పుడు ఒకరి కన్ను జారితే, ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటిలోకీ దిగేది.

తాటాకుల మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. పైగా మన లిపిలో "ప", "వ" అక్షరాలు దగ్గర పోలికవి. గంటపు గీత ఒక్కటి అటూ ఇటూ అయితే "పేరు" కాస్తా "వేరు" అవుతుంది!

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకుని, వేమన పద్యాల మీద మనసు పడ్డాడు. అప్పటికి వేమన పద్యాలు జనం నోళ్ళలోనూ, అక్కడక్కడా ఉన్న తాటాకు ప్రతులలోనూ ఉండేవి. ఏ రెండు ప్రతులూ ఒక్కలాగా లేవు. బ్రౌన్ దొర ఎన్నో ప్రతులు తెప్పించాడు. పండితులకు జీతాలిచ్చి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పని పెట్టాడు. 1829లో 693 పద్యాలు అచ్చు వేయించాడు. అంతటితో తృప్తి పడక, ఇంకా వెతికి, 1839లో 1164 పద్యాలతో మరొక కూర్పు తెచ్చాడు.

తప్పు ఏదో, ఒప్పు ఏదో పండితులకు ఎట్లా తెలుస్తుంది? వాళ్ళ దగ్గర మంచి కొలబద్దలే ఉన్నాయి. ఆటవెలదిలో పాదానికి ఐదు గణాలు ఉంటాయని మీరు తరగతిలో చదువుకున్నారు గదా! ఒక అక్షరం ఎక్కువైనా తక్కువైనా గణం చెడుతుంది. మొదటి గణం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. కుదరకపోతే అక్కడేదో పొరపాటు ఉన్నదని అనుమానించవచ్చు. కాని "ప", "వ"లు యతికి చుట్టాలు. వాటి మధ్య వచ్చిన తప్పును యతి పట్టించదు. అక్కడ అర్థాన్ని చూసి తేల్చుకోవలసిందే.

పరిష్కర్తకు ఒక నియమం ఉన్నది. తనకు అర్థం కాలేదని మాటను మార్చకూడదు. మనకు తెలియని మాట కవికి తెలిసిన మాట అయి ఉండవచ్చు. రెండు ప్రతులలో రెండు మాటలుంటే, ఒకదాన్ని పద్యంలో ఉంచి రెండోదాన్ని "పాఠాంతరం" అని అడుగున చూపిస్తారు. తాలును కూడా పారవెయ్యకుండా వేరే కుప్ప పెట్టటం ఇదే!

తెనాలి వారి కత్తెర

ఇక పత్రిక సంగతి. తెనాలి పేరు చెప్పగానే మీకు రామకృష్ణుడు గుర్తుకు వస్తాడు. కాని మీ తాతలకూ అమ్మమ్మలకూ కథలు చెప్పిన ఇద్దరు పెద్దలు కూడా తెనాలి వైపు వారే. ఒకరు చక్రపాణి, ఇంకొకరు కొడవటిగంటి కుటుంబరావు.

చక్రపాణి, బి. నాగిరెడ్డి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి "చందమామ" పత్రిక ప్రారంభించారు. కుటుంబరావు 1952లో అందులో చేరి, 1980లో చనిపోయేదాకా పని చేశారు. పత్రిక మీద సంపాదకుడుగా చక్రపాణి పేరే ఉండేది. కుటుంబరావు పేరు చదివేవారికి కనిపించేది కాదు. కాని పాఠకులు పంపిన కథలను చాలావరకు ఆయనే తిరగ రాసేవారు. ఎవరు పంపిన కథ అయినా ఒకే అమ్మమ్మ చెబుతున్నట్టు ఉండేది. ఇప్పుడు చందమామ రావటం లేదు. అయినా పాత సంచికలను జాగ్రత్తగా దాచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

తిరగ రాయటం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నేను కల్పించినదే. ఒకరు ఇట్లా కథ మొదలుపెట్టారు అనుకోండి:

"అత్యంత ప్రాచీన కాలమున సకల సంపదలతో తులతూగుచున్న ఒకానొక మహానగరమున మహా ధనవంతుడైన ఒకానొక వర్తకుడు నివసించుచుండెను."

ఇందులో 13 మాటలు ఉన్నాయి. సంపాదకుడు దీన్ని ఇట్లా మారుస్తాడు:

"ఒక నగరంలో ధనికుడైన వర్తకుడు ఒకడు ఉండేవాడు."

ఇవి 6 మాటలే. కథకు కావలసిన దానిలో ఏదైనా పోయిందా? ఏమీ పోలేదు. చదివే పిల్లవాడు తొందరగా కథలోకి వెళ్ళాడు. ఆ వర్తకుడికి ఏమయిందో అని ముందుకు చూస్తున్నాడు. సంపాదకుడు ఎప్పుడూ ఆ పిల్లవాడి పక్షాన కూర్చుని చదువుతాడు.

నేను చేసిన తప్పు

సంపాదకుడు తీసెయ్యకూడనిది తీసేస్తే ఏమవుతుంది? ఇది నేను స్వయంగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పాఠశాలలో ఒక లిఖిత పత్రిక పెట్టాను. పిల్లలు రాసినవి నేను దిద్ది, అందమైన దస్తూరీ ఉన్న వారి చేత రాయించి, గోడకు అంటించేవాణ్ణి. ఏడో తరగతి కుర్రవాడొకడు "మా ఇంట్లో మిరపకాయల కాలం" అని రాసి తెచ్చాడు. చివర ఇట్లా ఉన్నది:

"మా నాయన కాయ అమ్మి గుంటూరు నుంచి రాత్రి పొద్దుపోయి వచ్చాడు. ఎంత పడిందయ్యా అని అమ్మ అడిగింది. నాయన పలకలేదు. తన కంచంలో అన్నం కుక్కకు పెట్టి పడుకున్నాడు."

నేను ఎర్ర సిరా కలం తీశాను. "నాయన" అన్నచోట "తండ్రి" అని దిద్దాను. "పొద్దుపోయి" తీసేశాను. కుక్క సంగతి విషయానికి సంబంధం లేనిదని కొట్టివేశాను. ఆఖరున "వ్యవసాయము మన దేశమునకు వెన్నెముక" అని ఒక వాక్యం చేర్చాను. చాలా బాగున్నదని నాకు నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు ఆ కుర్రవాడు గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తరువాత నా దగ్గరకు వచ్చి, మెల్లిగా, "తప్పులు లేవు సార్. కాని ఇది మా నాయన కాదు సార్," అన్నాడు.

నాకు వెంటనే కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి వాడి పాత కాగితం మళ్ళీ చదివాను. ఆ ఏడు ధర రాలేదన్న మాట వాడు ఎక్కడా రాయలేదు. రాయకుండానే చెప్పాడు. పలకని తండ్రి, ముట్టని అన్నం, ఆ కుక్క! ఆ రాత్రి అంతా ఆ రెండు వాక్యాలలోనే ఉన్నది. నేను తాలు అనుకుని ఏరి పారేసింది మేలు కాయను. తరువాతి నెల వాడు రాసింది రాసినట్టే గోడకు అంటించి, కింద "గత మాసం దిద్దుబాటు మాది, పొరపాటూ మాదే" అని నేనే రాశాను.

ఆనాటి నుంచి ఎవరి రాత అయినా కలం పక్కన పెట్టి రెండుసార్లు చదివిన తరువాతనే దిద్దుతాను. కొట్టివేసే ముందు రాసినవారిని అడుగుతాను.

కత్తెరా, జిగురూ

చక్రపాణి పత్రికతో ఆగలేదు. నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థ పేరుతో సినిమాలు కూడా తీశారు. 1957లో విడుదలైన "మాయాబజార్" వారిదే. ఇక్కడ కాగితాలకు బదులు ఫిల్ము ఉంటుంది. ఆ రోజుల్లో సినిమా ఎడిటరు నిజంగానే కత్తెర పట్టేవాడు. ఫిల్మును కత్తిరించి, రెండు కొసలనూ జిగురుతో అతికించేవాడు.

సినిమా ఫిల్ము మీద సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి. అడుగు పొడుగు ఫిల్ములో 16 బొమ్మలు పడతాయి. లెక్క వెయ్యండి: సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల సినిమాకు 16,200 అడుగులు! మూడు మైళ్ళకు పైచిలుకు. తీసింది ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక్కొక్క సన్నివేశాన్ని రెండు మూడుసార్లు తీస్తారు గదా. అందులో ఏది ఉంచాలి, ఎక్కడ తుంచాలి, దేని పక్కన దేన్ని పెట్టాలి అనేది ఎడిటరు తేల్చాలి. మాయాబజార్‌కు ఆ పని చేసినవారు సి. పి. జంబులింగం, జి. కల్యాణసుందరం. దాని దర్శకుడు కె. వి. రెడ్డి ఇంకొక తెలివైన పని చేశారు. సినిమా తియ్యకముందే నటులచేత అభినయం చేయించి, స్టాప్‌వాచీ పెట్టి, ఏ సన్నివేశం ఎంతసేపు పడుతుందో, పాటలతో కలిపి సినిమా ఎంత పొడుగు వస్తుందో లెక్క కట్టారు. కొంత కోత అసలు తియ్యకముందే జరిగిందన్నమాట! గుడ్డ కొనకముందే కొలతలు తీసుకునే దర్జీ లాగా.

నా చిన్నతనంలో మా ఊరి డేరా హాల్లో ఆట మధ్యలో రీలు తెగిపోయేది. పిల్లలందరం ఈలలు వేసేవాళ్ళం. ఆపరేటరు చెడిన ముక్క తీసేసి, తెగిన కొసలు అతికించి మళ్ళీ వేసేవాడు. అప్పుడు తెర మీద మనిషి గుమ్మంలో ఉన్నవాడు ఉన్నట్టుండి మంచం దగ్గర ఉండేవాడు! మంచి కూర్పులో కోత ఎక్కడ పడిందో చూసేవారికి తెలియదు. అందుకే ఎడిటరు పనితనాన్ని మనం గుర్తించం.

కోత కంటె కూర్పు ఇంకా చిత్రమైనది. సుమారు 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేకుండా చూస్తున్న ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నె బొమ్మ అతికించాడు. ఇంకొకసారి శవపేటిక బొమ్మ అతికించాడు. చూసినవారు మొదటిదానిలో నటుడు ఆకలితో ఉన్నాడనీ, రెండోదానిలో దుఃఖంతో ఉన్నాడనీ మెచ్చుకున్నారట. ముఖం మాత్రం ఒకటే! పక్కన ఏమి పెడితే ఆ అర్థం వచ్చింది.

చందమామలో ఒక పోటీ ఉండేది. రెండు ఫోటోలు వేసి, ఆ రెంటికీ జతగా నప్పే మాటలు పంపమనేవారు. ఒకే ఫోటోకు ఎందరు ఎన్ని రకాల మాటలు పంపగలరో ఆలోచించండి. బొమ్మ పక్కన మాట మారితే బొమ్మ అర్థమే మారిపోతుంది.

నాలుగు అంగుళాల అబద్ధం

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. తరువాతి కాలంలో రేడియో కార్యక్రమాలను గోధుమరంగు టేపు మీద రికార్డు చేసేవారు. దగ్గు వచ్చినా, మాట తడబడినా, ఆ ముక్కను బ్లేడుతో ఏటవాలుగా కోసి, మిగిలిన కొసలను అతికించేవారు. వినేవారికి దగ్గు వినిపించదు. ఇది మంచి పనే.

ఇప్పుడు ఒక లెక్క. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు తిరుగుతున్నది. ఒక వ్యవసాయాధికారి, "ఇది మంచి విత్తనం కాదు," అన్నాడు అనుకోండి. "కాదు" అనటానికి అర సెకను పడుతుంది. టేపు మీద అది నాలుగు అంగుళాలు కూడా ఉండదు. ఆ ముక్క కోసేస్తే ఏమి మిగులుతుంది? "ఇది మంచి విత్తనం." గొంతు ఆయనదే. మాటలు ఆయనవే. ఒక్క మాట కూడా కొత్తగా చేర్చలేదు. అయినా అది పచ్చి అబద్ధం! దాన్ని నమ్మి పత్తి వేసిన రైతు గతి ఏమిటి?

మన భాషలో కాదు, లేదు, వద్దు అనేవి వాక్యం చివరనే వస్తాయి. కాబట్టి తెలుగులో తోక కోస్తే తల తిరిగిపోతుంది. జాగ్రత్త!

ఆ కాలంలో ఇట్లా చెయ్యాలంటే యంత్రం కావాలి, బ్లేడు కావాలి, నేర్పు కావాలి. కోసిన ముక్క నేలమీద పడి కనిపించేది. ఇప్పుడు మీ ఇంట్లోని సెల్‌ఫోనులో వేలితో జరిపితే చాలు, వీడియో తెగిపోతుంది. ముక్క ఎక్కడా కనిపించదు. పాత రోజుల్లో పదిమంది నిపుణుల చేతిలో ఉన్న కత్తెర ఈనాడు అందరి చేతుల్లోకీ వచ్చింది. అందుచేత నిపుణుల నియమాలు కూడా అందరికీ తెలియాలి.

ఎవరైనా ఒక చిన్న వీడియో చూపించి, "చూశావా, ఆయన ఏమన్నాడో!" అంటే, మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనికి ముందు ఏమి ఉన్నది? దీని తరువాత ఏమి ఉన్నది? దీన్ని ఎవరు కోశారు, ఎందుకు? జవాబు దొరికేదాకా ఇంకొకరికి పంపకండి. పెద్దలకు కూడా ఈ మాట చెప్పండి. వాళ్ళూ అప్పుడప్పుడూ మరిచిపోతూ ఉంటారు.

మీరూ చేసి చూడండి

ఈ ఆదివారం మీ ఇంట్లో గాని, వీధిలో గాని చూసిన ఒక సంగతిని పది వాక్యాలలో రాయండి. ఒక రోజు పక్కన పెట్టండి. తరువాత మీ స్నేహితుడికిచ్చి ఆరు వాక్యాలకు తగ్గించమనండి. మీరు అతనిది తగ్గించండి. అప్పుడు ఒకరిది ఒకరు పైకి చదివి, "నేను చెప్పదలచింది ఇదేనా?" అని అడగండి. కాదంటే ఎక్కడ పోయిందో ఇద్దరూ కలిసి వెతకండి.

ఒక్క మాట మరిచిపోవద్దు. తీసేసిన నాలుగు వాక్యాలనూ చించెయ్యకండి. ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టుకోండి. కుక్కకు అన్నం పెట్టిన వాక్యం అందులో ఉండవచ్చు.